ఏడో గడి

నాలుగో బొగ్గు బాయి, పన్నెండో వరుస హాజరు పుస్తకం. రోజుకో హాజరు.
కాపలా: ఓదెమ్మ. గాలి బిళ్ళ నంబరు 417.

హాజరు 6,931

రాజవీరు బాపూ, మంచిగున్నవా? చలి నాలుగు, గుండె రెండు. నిన్నటి అంకెలే.

మల్లవ్వ వదినా, నువ్వెట్లున్నవు? చలి నాలుగు, గుండె రెండు. పెట్టె అద్దం మీద చెమ్మ పట్టింది. తుడిచాను. రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్ళీ తుడిచాను.

రహీం భాయ్, నడుము నొప్పి తగ్గిందా? చలి నాలుగు, గుండె రెండు. నిద్రలో నొప్పి తెలియదని డాక్టరు అంటాడు. ఇన్నేళ్ళు వెల్లకిలా పడుకున్న మనిషికి నడుము నొయ్యదంటే నాకు నమ్మకం కలగదు.

ఏసుమణి టీచరమ్మా, దండాలు. పాణం బాగున్నదా? చలి నాలుగు, గుండె మూడు. టీచరమ్మకు ఎప్పుడూ ఒకటి ఎక్కువే.

బిడ్డా సారక్కా, పైలమేనా? కాళ్ళు చల్లగున్నయా? చలి నాలుగు, గుండె రెండు. ఆ రోజు మేజోళ్ళు తొడగడం మరిచిపోయాను. మూసిన పెట్టె మధ్యలో తెరవకూడదు. ఆ మేజోళ్ళు నా దగ్గరే ఉన్నాయి. నెలకోసారి ఉతుకుతాను.

డయల్ చూసి అంకెలు వేస్తే చాలునని ఆఫీసులో అంటారు. పేరుపెట్టి పలకరించాలని ఎక్కడా రాసి లేదు. నాకు ముందు కాపలా ఉన్న ఆగమ్మ పలకరించేది కాబట్టి నేనూ పలకరిస్తున్నాను. ఒకసారి జ్వరమొచ్చి ఊరికే అంకెలు వేసి వెళ్ళిపోయాను. సగం దారి దాకా వెళ్ళాను. తిరిగి వచ్చి అయిదుగురినీ అడిగి వెళ్ళాను.

ఇవాళ పాత మిషిను తీసేసి కొత్తది పెట్టారు. ప్రతి పెట్టెకూ ఒక ఫైలు ఉంటుంది, ఫైలులో తొమ్మిది గడులు ఉంటాయి. పొద్దున్నే మిషిను అన్ని ఫైళ్ళూ చదివి, దాని ప్రకారం పెట్టెలకు చలి, మందు పంపుతుంది. పాతదాని చక్రాల పళ్ళు అరిగిపోయాయి. కొత్తది రెండో బాయివాళ్ళు ఇచ్చారు. మధ్య సొరంగంలో మట్టి తీసి దారి తెరిచాక వాళ్ళు పంపిన మొదటి వస్తువు ఇదే. దుప్పటిలో చుట్టి, పైన దారం కట్టి మర్యాదగా పంపారు.

పెట్టగానే మూడు పెట్టెల మీద పచ్చ దీపం వెలిగింది. టీచరమ్మ మీద, సారక్క మీద ఎర్రది వెలిగింది. పక్కన 21 అని అంకె.

"సర్దారూ, ఇదేంది ఎర్రగైంది?" అని మొండయ్యను అడిగాను. వరుసలన్నిటి మీదా అతనే పెద్ద.

"కొత్తది గదక్కా. అలవాటు పడాలె."

"అది పడాల్నా, నేను పడాల్నా?"

"ఇద్దరూ పడుండ్రి," అని నవ్వి, టూల్ సంచి భుజానికి వేసుకుని పదమూడో వరుసకు వెళ్ళిపోయాడు.

హాజరు 6,932

అయిదుగురినీ అడిగాను. అంకెలు నిన్నటివే.

ఎర్ర దీపం పక్కన ఇవాళ 20 ఉంది.

పొద్దుటి గటక తినబుద్ధి కాలేదు. పుట్టగొడుగుల గదిలో నా వంతు నీళ్ళు పోశాను. గేటు దగ్గర మెడలో బిళ్ళ చూపించి వచ్చాను. ఈ బిళ్ళ ఎక్కడ జారిపోతుందోనని నాకు ఎప్పుడూ భయమే. తాడు ముడి రోజుకు పదిసార్లు తడుముకుంటాను. బాయిలో రెండు ఫ్యాన్లు తిరుగుతాయి, తొమ్మిది వందల మందికి గాలి వస్తుంది. అందుకే తొమ్మిది వందల బిళ్ళలు. బిళ్ళ ఉన్నవాళ్ళు మేలుకుంటారు. మిగతావాళ్ళు పెట్టెల్లో నిద్రపోతూ తమ వంతు కోసం ఆగుతారు. పైన నేల మీదికి ఎక్కడం మా అమ్మ కాలంలోనే ఆగిపోయింది. అక్కడ మట్టి పెనంలా కాలుతుందని ఆమె చెప్పేది.

19 అయితే ఏమవుతుంది, 18 అయితే ఏమవుతుంది అని ఆలోచిస్తూ గటక గిన్నె కడగకుండానే గూట్లో పెట్టాను.

హాజరు 6,933

అయిదుగురినీ అడిగాను. దీపం పక్కన 19.

ఫైళ్ళ గదిలో నజ్మా దగ్గరికి వెళ్ళాను. బాయిలో ఉన్న ఫైళ్ళన్నీ ఆమె చేతి కిందే ఉంటాయి. తల నెరిసిన మనిషి, మాట తొందర. నేను వెళ్ళేసరికే ఆమె ముందు నమూనా పుస్తకం తెరిచి ఉంది. ఫైలు ఎలా రాయాలో, ఏ గడిలో ఏముండాలో చెప్పే పుస్తకం అది. నాలుగో బాయికైనా రెండో బాయికైనా ఒక్కటే పుస్తకం. దాన్ని రాసినవాళ్ళు ఎవరూ ఇప్పుడు లేరు.

"కూసో అవ్వా. నువ్వొస్తవని తెలుసు. నీ వరుసల రెండు, బాయి మొత్తం మీద పదిహేడు ఎర్రగైనయి."

"ఎందుకైనయి బిడ్డా?"

ఆమె పుస్తకం నా వైపు తిప్పింది. ముప్పై ఒకటో పేజీ. నేను వేలు పెట్టి మెల్లగా చదివాను. "ఏడో గడి: లేపవలసిన హాజరు. అయిదు అంకెలు. ఈ గడిని రాయకుండా వదలవచ్చు." అంతే. కింద ఎనిమిదో గడి సంగతి మొదలైంది.

"వదలవచ్చు అని రాసిండ్రు," అంది నజ్మా. "వదిలితే మిషిను ఏమనుకోవాలె? అది రాయలే. మన పాతదాన్ని చేసినోళ్ళు, 'రోజు రాయలేదంటే ఇంకా ఖాయం కాలే, ఎన్నాళ్ళయినా చూడాలె' అనుకున్నరు. కొత్తదాన్ని చేసినోళ్ళు, 'రాయకుంటే సున్నా' అనుకున్నరు. సున్నా అంటే మొదటి హాజరు కంటే ముందటి రోజు. ఆ రోజు ఎప్పుడో దాటింది."

"దాటితే?"

"రోజు దాటినంక ఇరవై ఒక్క దినాలు పెట్టె ఎవరూ తెరవకపోతే, లోపల మనిషి లేడని లెక్క. చలి, మందు ఆపేస్తది."

నజ్మా గిన్నెలో నీళ్ళు ఇచ్చింది. తాగాను. ఆ గిన్నెకు అంచు దగ్గర సొట్ట ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను.

"పాతది మళ్ళ పెట్టరాదా?" అన్నాను చివరికి.

"దాని పండ్లు మొత్తం అరిగినయి అవ్వా. ఇప్పుడది ఏదీ చదవది."

హాజరు 6,934

అయిదుగురినీ అడిగాను. దీపం పక్కన 18.

సారక్క ఫైలులో ఆ ఏడో గడి వదిలేయించింది నేనే. ఇది ఈ పుస్తకంలో రాయవలసిన సంగతి కాదు, అయినా రాస్తున్నాను.

మా బాయిలో ఒక పద్ధతి ఉంది. కిందికి దిగే మనిషిని ఎప్పుడొస్తావని అడగకూడదు. మా తాతలు బొగ్గుకు దిగిన రోజుల నుంచీ ఉన్న పద్ధతి. బువ్వ డబ్బా చేతికిచ్చి, ముఖం చూసి, లోపలికి వెళ్ళిపోవాలి. మా అమ్మ అడగలేదు, నేనూ నా పెనిమిటిని ఏ రోజూ అడగలేదు.

హాజరు 212 నాడు నా బిడ్డ సారక్కకు పెట్టెలో పడుకునే వంతు వచ్చింది. దానికి ఇరవై నాలుగేళ్ళు. గుమాస్తా ఫైలు రాస్తూ, లేపవలసిన రోజు ఏది వేయమంటారని అడిగాడు. సారక్క, "పదేళ్ళని వెయ్యి," అంది. నేను గుమాస్తా చెయ్యి పట్టుకున్నాను.

"వద్దు అయ్యా. ఆ మాట అడుగొద్దు, రాయొద్దు."

"ఏందమ్మా, నేను రాననుకుంటున్నవా?" అని సారక్క నవ్వింది. "రాయనియ్యి. రోజు రాస్తే నా బిళ్ళ నాకే తిరిగొస్తది. రాయకుంటే ఆఫీసుకు పోతది."

"పోతే పోనియ్యి. ఆ మాట మళ్ళ తియ్యకు."

పుస్తకం ఒప్పుకుంటుందా అని గుమాస్తా పేజీ తిప్పి చూశాడు. వదలవచ్చు అని ఉంది. వదిలాడు. అప్పుడు నాకు ఎంత నిమ్మళంగా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది. ఆ నిమ్మళంలోనే మేజోళ్ళు మరిచిపోయాను.

మిగతా పదిహేను ఫైళ్ళూ ఇలాగే వదిలారట. అందరూ పాత బొగ్గు కుటుంబాలే. టీచరమ్మది మాత్రం వేరు. ఆమెకు ఎవరూ లేరు. ఏ రోజు లేపాలో చెప్పే మనిషి లేక వదిలారు.

హాజరు 6,936

అయిదుగురినీ అడిగాను. మల్లవ్వ వదిన అద్దం మళ్ళీ తుడిచాను. దీపం పక్కన 16.

ఇవాళ నజ్మా తీగ ఫోనులో రెండో బాయి ఫైళ్ళ పెద్ద లింగమూర్తితో మాట్లాడింది. మొండయ్య, నేను పక్కన నిలబడ్డాం. ఫోను గొట్టం పెద్దది, ఆయన మాట మాకూ వినిపించింది.

"మీ మిషిను మా మనుషులను లేనట్టు చూస్తున్నది సార్," అంది నజ్మా.

"మా మిషిను పుస్తకం ప్రకారమే నడుస్తదమ్మా. నలభై ఏండ్లాయె, ఒక్క తప్పు చెయ్యలే."

"మాది కూడా పుస్తకం ప్రకారమే నడిచింది గద."

"ముప్పై ఒకటో పేజీయే గదా మీరు చెప్పేది? నా ముందున్నది. వదలవచ్చు అని ఉన్నది. మా దగ్గర మనిషిని పెట్టినంక ఎవరూ వదలరు. సిద్ధం చేసి పెట్టిన ఉత్త పెట్టెకే వదులుతం. మనిషిని పడుకోబెట్టి రోజు రాయకుంట ఎట్లుంటరమ్మా? ఎప్పుడొస్తవని అడగరా?"

నజ్మా నా వైపు చూసింది. నేను నేల చూశాను.

"అడగం సార్," అంది ఆమె. "మా దగ్గర అడగం."

ఆయన గొంతు తగ్గించి, "మిషినులో ఆ లెక్క మార్చే విద్య మాకూ తెల్వది తల్లీ. చేసినోళ్ళు మూత వేసి సీలు వేసి పోయిండ్రు. ఏడో గడి నింపుండ్రి. అదే దారి," అన్నాడు.

ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. దుప్పటిలో చుట్టి పంపినవాళ్ళ మీద ఏం కోపం తెచ్చుకుంటాం?

హాజరు 6,938

అయిదుగురినీ అడిగాను. దీపం పక్కన 14.

గడి నింపడం అంత సులువు కాదు. పెట్టె మూసే రోజున ఏ రోజైనా రాయవచ్చు. మూసిన తరవాత రాస్తే మాత్రం ఏడాది లోపలి రోజే రాయాలి, ఒకసారి రాస్తే మార్చకూడదు. పైగా ఎనిమిదో గడిలో గాలి బిళ్ళ నంబరు వేసి తీరాలి. లేచిన మనిషికి గాలి కావాలి కదా. బిళ్ళ లేకుండా రోజు లేదు.

నజ్మా ఇంకో దారి వెతికింది. ఎవరూ లేని పెట్టె ఒకటి తెచ్చి, ఏడో గడిలో అయిదు తొమ్మిదులు వేసింది. అంత దూరపు రోజు ఎప్పటికీ రాదు కాబట్టి మిషిను ఊరుకుంటుందని ఆశ.

"పుస్తకంల దీని సంగతేమన్నా ఉన్నదా?" అని అడిగాను.

"నలభై నాలుగో పేజీల ఉన్నది. 'అన్నీ తొమ్మిదులు ప్రత్యేకానికి కేటాయించబడినవి' అని."

"ప్రత్యేకం అంటే?"

"అది చెప్పలే."

మిషిను చదివింది. దీపం పచ్చ కాలేదు, ఎర్ర కాలేదు. ఆరిపోయింది. పెట్టెలోంచి బుస్సుమని చలి మొత్తం బయటికి వచ్చింది. లోపల ఎవరూ లేరని తెలిసి కూడా నేను వంగి చూశాను.

"వామ్మో," అంది నజ్మా చిన్నగా. పెన్ను కింద పెట్టి చేతులు కొంగుకు తుడుచుకుంది.

హాజరు 6,941

అయిదుగురినీ అడిగాను. దీపం పక్కన 11.

ఆఫీసులో చనిపోయినవాళ్ళ బిళ్ళలు పదకొండు ఉన్నాయి. ఎర్ర పెట్టెలు పదిహేడు. చీటీలు తీశారు. మొండయ్య పాత హెల్మెట్టులో చీటీలు వేసి ఊపాడు. అందులో పదకొండింటి మీద అంకెలు, ఆరు తెల్లవి. పెట్టెకు ఒక మనిషి వచ్చి తీయాలి. టీచరమ్మకు ఎవరూ లేరు కాబట్టి వరుస కాపలాగా ఆమె చీటీ కూడా నన్నే తీయమన్నారు.

ముందు టీచరమ్మది తీశాను. దాని మీద 88 అని ఉంది. తరవాత సారక్కది తీశాను.

దాన్ని రెండు వైపులా తిప్పి చూశాను. మొండయ్య నా చేతిలోంచి తీసుకుని తనూ తిప్పి చూశాడు.

"తెల్లది అక్కా," అన్నాడు.

అవునన్నాను. ఇంటికి వచ్చి పప్పు నానబోశాను. ఎంత నానబోశానో చూసుకోలేదు. నలుగురికి సరిపడా పోశాను.

హాజరు 6,942

అయిదుగురినీ అడిగాను. దీపం పక్కన 10.

మొండయ్య వరుసకు వచ్చాడు. పనేమీ లేకపోయినా రెంచి తీసి, గొట్టం బిగించినట్టు చేశాడు.

"ఓదక్కా, ఒక మాట చెప్త. మనసుల పెట్టుకోకు."

"చెప్పు తమ్మీ."

"టీచరమ్మ చీటీ తీసింది నువ్వే. సారక్క చీటీ తీసింది నువ్వే. ఏది ముందు తీసినవో నాకైతే యాది లేదు. నజ్మాకు కూడా యాది ఉండకపోవచ్చు."

నేను అద్దం తుడుస్తున్నాను.

"టీచరమ్మకు ఎవరున్నరు అక్కా? లేచి ఎవరి ముఖం చూస్తది? ఆమెకు అరవై దాటినయి. సారక్కకు ఇంకా ఇరవై నాలుగే."

"రేపు చెప్త," అన్నాను.

"తొందర లేదు. పది దినాలున్నయి," అని రెంచి సంచిలో వేసుకుని వెళ్ళాడు. మొండయ్య చెడ్డవాడు కాదు. అతను అడగకముందే ఆ మాట నా తలలో ఉంది. నిన్న పప్పు కడుగుతున్నప్పుడే వచ్చింది.

హాజరు 6,944

అయిదుగురినీ అడిగాను. దీపం పక్కన 8.

నిన్న చెప్తానన్నాను, చెప్పలేదు. ఇవాళ రెండో సైరను మోగేదాకా టీచరమ్మ పెట్టె దగ్గర కూర్చున్నాను.

నాకు అప్పట్లో చదువు రాదు. పెళ్ళయి, సారక్క పుట్టిన తరవాత, ల్యాంపు గదిలో దీపాలు తుడిచే పని చేసేదాన్ని. టీచరమ్మ షిఫ్టు మారే అరగంటలో వచ్చి ల్యాంపు మసితో గోడ మీద అక్షరాలు రాసి మా ఆడవాళ్ళకు చెప్పేది. అందరూ రెండు నెలల్లో మానేశారు. నేను మానితే ఆమె ఏమనుకుంటుందోనని భయపడి మానలేదు. ఆ భయంతోనే మూడో పుస్తకం దాకా వచ్చాను. ఆమె నేర్పకపోతే ఈ కాపలా పని నాకు వచ్చేది కాదు. సారక్క పక్కన రోజూ ఇలా నిలబడేదాన్ని కాదు.

"టీచరమ్మా, మొండయ్య గిట్లంటున్నడు," అని అంతా చెప్పాను. చలి నాలుగు, గుండె మూడు. "నేను గూడ గట్లనే అనుకున్న," అని అది కూడా చెప్పాను.

ఆమె ముఖం అద్దం కింద అలాగే ఉంది. కనుబొమ్మ ఒకటి పైకి ఉంటుంది ఆమెకు, ఎప్పుడూ తప్పు పట్టుకున్నట్టు.

చీటీ ఏది ముందు తీశానో నాకు గుర్తుంది. అది రాసి పెడుతున్నాను, మళ్ళీ ఎవరూ మార్చకుండా. ముందు తీసింది టీచరమ్మది. నంబరు 88.

హాజరు 6,946

అయిదుగురినీ అడిగాను. దీపం పక్కన 6.

నిన్న టీచరమ్మ ఫైలులో 88 వేశారు. వెచ్చబెట్టడానికి ఇరవై రోజులు కావాలి కాబట్టి ఆమె ఏడో గడిలో 6,966 వేశారు. పచ్చ దీపం వెలిగింది.

ఇవాళ నా బిళ్ళ తీసి నజ్మా బల్ల మీద పెట్టాను. తాడు ముడి గట్టిగా పడింది, ఆమే పంటితో విప్పింది.

"ఇదేంది అవ్వా?"

"సారక్క ఎనిమిదో గడిల వెయ్యి. నాలుగు వందల పదిహేడు."

"మరి నువ్వు?"

"దాని పెట్టెల నేను పండుకుంట."

నజ్మా కళ్ళజోడు తీసింది. "నీకు డెబ్బై ఒకటి. దగ్గు ఉన్నది. కొన్నాళ్ళు ఆగరాదు? ఏడాది లోపటి చివరి రోజు వేస్త. ఆలోపు ఎవరిదన్న బిళ్ళ మిగలొచ్చు."

"ఆ ఎవరిదన్న నాదే అయితే? నేను పోతే నా బిళ్ళ ఆఫీసుకు పోతది. ఆ నంబరు వేసిన ఫైలు చెల్లది. గంతే గద?"

"గంతే."

"నాకు రోజూ అదే రంది ఉంటది బిడ్డా. దగ్గినప్పుడల్లా ఉంటది. నాతోని కాదు."

పక్కన ఉన్న మొండయ్య, "రెండు ఫైళ్ళకు 88 వెయ్యరాదు? మిషినుకు ఏం తెలుస్తది?" అన్నాడు.

"మిషిను ఊకుంటది తమ్మీ, గాలి ఊకుంటదా?" అన్నాను. నజ్మా పుస్తకం దగ్గరికి లాక్కుంది.

"నువ్వన్నదాంట్ల ఒకటున్నది సర్దారూ," అంది. "ఎవరిని లేపినా ఒకరినే లేపాలె. ఇద్దరు ఒక్కసారి కాదు. అవ్వా, నువ్వు రేపు రా."

హాజరు 6,947

అయిదుగురినీ అడిగాను. దీపం పక్కన 5.

నజ్మా కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివిందట. ఎనిమిదో గడి సంగతి ఆరుచోట్ల ఉంది. నంబరు ఉండాలని ఉంది, చెల్లే నంబరు అయి ఉండాలని ఉంది.

"ఒకే నంబరు రెండు ఫైళ్ళల్ల ఉండొద్దని ఎక్కడన్నా ఉన్నదేమో చూసిన అవ్వా. లేదు."

"ఉండొచ్చని ఉన్నదా?"

"అదీ లేదు."

"మళ్ళ అదే గద బిడ్డా! అది చెప్పకనే ఇంత దూరం వచ్చింది."

"అందుకే చేసి చూద్దాం."

ఎవరూ లేని పెట్టెలు రెండు తెచ్చింది. రెండింటి ఎనిమిదో గడిలోనూ ఒకే పాత నంబరు వేసింది. ఏడో గడిలో వేరువేరు రోజులు వేసింది. మిషిను చదువుతున్నంతసేపూ మొండయ్య గొట్టం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, చలి బయటికి వస్తే ఆపడానికి. రెండూ పచ్చగా వెలిగాయి. మూడుసార్లు ఆర్పి మళ్ళీ చదివించింది. మూడుసార్లూ పచ్చే.

తరవాత లింగమూర్తికి ఫోను చేసి వాళ్ళ మిషిను మీద కూడా చేయించింది. అక్కడా పచ్చే వచ్చింది.

"ఏం పని చేస్తుండ్రమ్మా మీరక్కడ?" అన్నాడు ఆయన.

"షిఫ్టు వేస్తున్నం సార్," అంది నజ్మా. "తల్లీబిడ్డలు ఒక్క బిళ్ళ మీద. బిడ్డ లేస్తే తల్లి పండుకుంటది. తల్లి లేస్తే బిడ్డ పండుకుంటది."

"పుస్తకం వద్దన్నదా?"

"అనలే."

"అయితే ఈ సంగతి రాసి నాక్కూడ పంపుండ్రి. ముప్పై ఒకటో పేజీ పక్కన కూడా ఒక మాట రాసి పెడుదాం. రెండు బాయిలకూ ఒక్కతీరు ఉండాలె."

సారక్క ఏడో గడిలో 6,968 వేశారు, ఎనిమిదో గడిలో 417 వేశారు. నేను సంతకం పెట్టాను. చాలాసేపు దీపం వైపు చూడలేదు. నజ్మా నా గడ్డం పట్టుకుని అటు తిప్పింది. పచ్చగా ఉంది. నాకు సంతోషం రావాలి అనుకున్నాను. అక్కడే కూర్చున్నాను.

పదిహేడులో పదహారు పచ్చగా అయ్యాయి. మిగతా తెల్ల చీటీలవాళ్ళు మా పద్ధతే విని ఒక్కో బిళ్ళ మీద షిఫ్టు వేసుకున్నారు. అయిదో వరుసలో ఒక పెట్టెకు ఎవరూ రాలేదు. అందులో ఉన్న మనిషికి మనవడు ఉన్నాడట, బిళ్ళ పంచుకోనన్నాడట. రేపటి నుంచి ఆ పెట్టెను కూడా పలకరించి వస్తానని ఆ వరుస కాపలాకు చెప్పాను. నాలుగు రోజులే కదా అన్నాను.

హాజరు 6,949

రాజవీరు బాపూ, మంచిగున్నవా? మల్లవ్వ వదినా, రహీం భాయ్, మీరు? చలి నాలుగు, గుండె రెండు, ముగ్గురికీ. అయిదో వరుస పెట్టెను కూడా పలకరించి వచ్చాను, దీపం పక్కన 3.

టీచరమ్మా, నీకు చలి ఆరుకు వచ్చింది. నేను పెట్టె ఎక్కే రెండు దినాల ముందు నువ్వు లేస్తవు. నా తరవాత ఈ కాపలా, ఈ పుస్తకం నీకు ఇవ్వమని ఆఫీసులో చెప్పాను, ఒప్పుకున్నారు. తప్పులుంటే దిద్దు. మల్లవ్వ వదిన అద్దం రెండుసార్లు తుడవాలి. పలకరించమని రాసి లేదు, అయినా పలకరించు. అయిదో పెట్టెలో ఉండేది అప్పటికి నేను.

ఇవాళ నజ్మా నా ఫైలు రాసింది. పేరు, పుట్టిన ఏడు, రక్తం. ఏడో గడి దగ్గర పెన్ను ఆపి నా ముఖం చూసింది. ఏమీ అడగలేదు. మా పద్ధతి ఆమెకూ తెలుసు. ఆమె అమ్మమ్మ కూడా బొగ్గు మనిషే.

"అడుగు," అన్నాను.

"ఎప్పుడొస్తవు అవ్వా?"

"ఏడాదికి," అన్నాను. వేళ్ళ మీద లెక్క పెడుతుంటే నజ్మా కూడి చెప్పింది. ఆమె రాసిన అయిదు అంకెలనూ, ముందున్న సున్నాతో సహా, వేలు పెట్టి చదివాను. ఇంకోసారి చదివాను.

బిడ్డా సారక్కా, పైలమేనా? నీకు చలి అయిదుకు వచ్చింది. కాళ్ళకు ముందు వెచ్చదనం వస్తుందని డాక్టరు చెప్పాడు. నువ్వు పెట్టె దిగాక, నేను పెట్టె ఎక్కేముందు, షిఫ్టు మారే అరగంట మనిద్దరికీ ఇస్తారు. వరుస చివర బల్ల ఉంది, అక్కడ కూర్చుందాం. పెసర గుగ్గిళ్ళు తెస్తాను. ఉప్పు ఎక్కువైతే ఏమనుకోకు, ఈ మధ్య చెయ్యి తెలియడం లేదు. నిన్ను ఇన్నేళ్ళు ఎందుకు లేపలేదో నువ్వు అడుగుతావు, చెప్తాను. అరగంటలో సగం దానికే పోతుందేమోనని రందిగా ఉంది. మేజోళ్ళు ఉతికి ఆరేశాను, నీ కాళ్ళకు నేనే తొడుగుతాను. బిళ్ళ తాడు కొత్తది వేశాను, ముడి మాత్రం రోజూ చూసుకో.

మొదటిసారి కలిసేది హాజరు 6,968, రెండో సైరను.

మళ్ళీ కలిసేది హాజరు 7,333, రెండో సైరను. అదే బల్ల దగ్గర.